కొండ దిగి వచ్చేదాకా

సొంత కుక్కే దొంగను చూసినట్టు మొరిగితే ఆ యజమాని ముఖం ఎట్లా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? నేను మూడేళ్ళు చూశాను, వారానికి రెండు మూడు సార్లయినా. మొన్నటిదాకా ఒత్తైన జుట్టూ మీసమూ ఉన్న మనిషి. ఇప్పుడు నున్నటి గుండు, దానిమీద ఆరీ ఆరని చందనం, నుదుట నామం, కొత్త పంచె. గేటు తోసుకుని ఆశగా లోపలికొచ్చి "బ్రూనో..." అనబోయేలోపే బ్రూనోగాడు వీపుమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఎగిరెగిరి మొరిగేవాడు. పాపం ఆయన అక్కడే నిలబడిపోయేవాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగేది.

2011 నుంచి 2014 దాకా, డిగ్రీ చదువుకుంటూ, తిరుపతిలో ఒక కుక్కల బోర్డింగులో పనిచేశాను. కరకంబాడి రోడ్డులో ఊరు పలచబడే చోట, మామిడితోపును ఆనుకుని రేకుల షెడ్డు. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరుండేది గానీ ఆటోవాళ్ళకు ఆ పేరు చెబితే తల గోక్కునేవాళ్ళు. "కుక్కల హాస్టలు" అంటే మాత్రం నేరుగా తెచ్చి గేటు ముందు దించేవాళ్ళు. ఇరవై నాలుగు గదులు. గదులంటే మరీ గదులేం కాదు, నడుం ఎత్తు గోడ, దానిమీద ఇనుప జాలీ, ముందొక తలుపు, మూలన సిమెంటు తొట్టి.

వేరే ఊళ్ళలో ఇట్లాంటి చోట్లు ఎట్లా నడుస్తాయో గానీ, మాది మాత్రం పూర్తిగా కొండమీద ఆధారపడిన వ్యాపారం. పెంపుడు కుక్కల్ని అలిపిరి దాటనివ్వరు. లాడ్జిలవాళ్ళు గుమ్మం తొక్కనివ్వరు. మద్రాసు నుంచి మూడు నాలుగు గంటల్లో కారులో వచ్చేస్తారు, బెంగుళూరు నుంచి రాత్రి బయల్దేరితే తెల్లవారేసరికి దిగుతారు. ఇంటి దగ్గర చూసుకునే దిక్కులేక కుక్కనూ వెనక సీట్లో ఎక్కించుకుని వచ్చి, ఇక్కడికొచ్చాక బిక్కముఖం వేసేవాళ్ళు చాలామంది. వాళ్ళందరికీ మేమే గతి. కొండ కిక్కిరిస్తే మేమూ కిక్కిరిసేవాళ్ళం. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఇంగ్లీషు సంవత్సరాది. ఆ రోజుల్లో ఇరవై నాలుగు గదుల్లో ముప్పై, ముప్పై అయిదు. ఒకే ఇంటి కుక్కలైతే రెంటినీ ఒకే గదిలో వేసేవాళ్ళం, మిగతావాటికి వరండాలో మడత బోన్లు.

హాస్టలు ఓనరు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన్ని పనివాళ్ళమే కాదు, వచ్చేపోయేవాళ్ళు కూడా నాయనా అనే పిలిచేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోకాళ్ళదాకా ఎగ్గట్టిన లుంగీతో తిరిగేవాడు. కుక్కల్ని ముద్దు చేయడం ఆయనకు బొత్తిగా తెలియదు. తల నిమిరి "చెల్లం, బంగారం" అనడం నేనెప్పుడూ వినలేదు. కానీ తెల్లారి షెడ్డులోకి వచ్చి ఒక్క చుట్టు తిరిగితే చాలు, "ఏడో గదిది రాత్రి నీళ్ళు ముట్టలేదు, పదకొండోది కుడికాలు ఎత్తి పెడతాంది చూడు" అని చెప్పేసేవాడు. నేను అరగంట వెతికినా కనిపించనిది ఆయనకెట్లా కనిపించేదో.

నాలుగున్నరకు లేవాలి. మొదటి పని చీకట్లోనే ఒక్కొక్కదాన్నీ వెనక దొడ్లోకి వదలడం. మూడు దొడ్లు, ఒక్కోదాంట్లో ఒకటి. కొత్తవాటిని ఎన్నడూ కలపకూడదు, ఎంత మంచివైనా సరే. ఈలోగా గదులు కడగాలి. రాత్రి పూసినదంతా తీసి, నీళ్ళు కొట్టి, బ్లీచింగు కలిపిన నీళ్ళతో రుద్ది, పది నిమిషాలు ఆగి మళ్ళీ కడిగి, రబ్బరు చీపురుతో లాగేయాలి. తడి ఉంటే పాదాల మధ్య పుండ్లు పడతాయి. ఈ పని జరుగుతున్నంతసేపూ కచేరీయే. ఒకటి మొదలుపెడితే ఇరవై మూడూ అందుకునేవి. రేకుల కప్పు కదా, ఆ మోత చెవిలో కాదు, పళ్ళలో వినిపించేది. కాలేజీలో మూడో పీరియడు దాకా నాకు లెక్చరరు గొంతు లీలగానే వినబడేది. ఆ డిగ్రీ ఎట్లా పాసయ్యానో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

ఏడు గంటలకు వంట అక్క వచ్చేది. నూకలు, కోడిమెడలు, పసుపు, గుమ్మడికాయ ముక్కలు పెద్ద డేగిశాలో వేసి ఉడికించేది. ఉప్పు లేదు, ఉల్లిపాయ అసలు లేదు. ఉడికాక కూర్చుని ఒక్కో మెడనూ చేత్తో నలిపి ఎముక ఏరేయాలి. ఉడికిన కోడెముక సూదిలా చీలి పేగుకు గుచ్చుకుంటుందని నాయన భయం. శాకాహారుల కుక్కలకు పెరుగన్నం వేరే. మద్రాసు నుంచి వచ్చే ఒక అయ్యరుగారి డాషుండుకు పెరుగన్నంలో ఇంత నెయ్యి కూడా రాసి ఉండేది దాని చీటీలో. అక్క ఆ చీటీ చదివించుకుని ప్రతిసారీ ఒకే మాట అనేది: "మా ఇంట్లో మొగుడికి కూడా ఇంత రాసివ్వరు నాయనా."

మీరు నమ్మరు గానీ నాకు వచ్చిన కాస్త కన్నడం కుక్కలు నేర్పిందే. అరవం చిత్తూరు జిల్లావాళ్ళకు ఎట్లాగూ కొంత తెలిసిందే. చాలా కుక్కలకు "సిట్" అంటే తెలుసు. అయితే ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో పెంచిన వాటికి ఇంగ్లీషు ఏం తెలుస్తుంది? ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన ముసలి పమేరియన్ రెండు రోజులు కంచం వాసన కూడా చూడలేదు. "తిను తల్లీ", "తినవే" అని నేనెంత బతిమాలినా గోడవైపు తిరిగి కూర్చుంది. మూడో రోజు నాయన వచ్చి, కంచం ముందుకు జరిపి, మెల్లగా "సాపిడు మా" అన్నాడు. అది తలెత్తి ఆయన్ని చూసింది. లేచి వచ్చి తినింది. అప్పటినుంచి మేము రాసుకునే చీటీలో పేరు, వయసు, తిండి, మందులతో పాటు "ఇంట్లో ఏ భాష" అని ఇంకో గడి చేర్చాం. అది రాసేటప్పుడు జనం నవ్వేవాళ్ళు. నవ్వుతూనే రాసేవాళ్ళు.

ఇంకొకటి కూడా అడిగి తీసుకునేవాళ్ళం: ఉతకని బట్ట. ఎవరితో ఎక్కువ మాలిమో వాళ్ళు కట్టి విడిచిన లుంగీయో, నైటీయో, దిండు గలీబో. కొందరు మర్యాదకు పోయి ఉతికి ఇస్త్రీ చేసినవి తెచ్చేవాళ్ళు. వాటితో పనిలేదు, కుక్కకు కావలసింది సబ్బు వాసన కాదు కదా. ఒకాయన అక్కడికక్కడే చొక్కా విప్పి, లోపలి చెమట బనీను తీసిచ్చి, మళ్ళీ చొక్కా వేసుకుని కొండకు పోయాడు. రాత్రి పది దాటాక షెడ్డులో లైట్లు తీసేస్తే, అన్నీ ఆ గుడ్డలు ముక్కుకింద పెట్టుకుని పడుకునేవి. అప్పుడు మాత్రం అంత నిశ్శబ్దం. డాబా ఎక్కితే ఎదురుగా కొండ, దానిమీద లైట్లు. వీటి మనుషులంతా ఆ లైట్ల దగ్గరే ఎక్కడో కంపార్టుమెంట్లలో కూర్చుని ఉన్నారని అనుకునేవాణ్ణి.

ఇక ఫోన్లు. మా పనిలో సగం కుక్కలకు, సగం ఫోనుకు. "తంబీ, తిన్నాడా?" "ఏడుస్తా ఉందా బాబూ?" "నా గొంతు వినిపిస్తావా, స్పీకరు పెట్టు." స్పీకరు పెట్టకూడదని మాకు రూలు. గొంతు విని కుక్క ఇంకా వెర్రెత్తి వెతుక్కుంటుంది. అన్నిటికంటే కష్టమైన ఫోను ఒకటుండేది. "క్యూలోకి పోతున్నాం, ఫోను డిపాజిట్ చేసేస్తున్నాం, ఇంక దొరకం" అని. అక్కడితో వాళ్ళు ఈ లోకంలో లేనట్టే. ఆరు గంటలో, పదహారు గంటలో. ఈలోగా కుక్కకు ఏమైనా అయితే నిర్ణయం మాది.

మొదట్లో అందరికీ "బాగా తినిందమ్మా, ఆడుకుంటాంది" అని చెప్పేసేవాణ్ణి. దేవుడి దగ్గరికి పోయేవాళ్ళకు టెన్షన్ ఎందుకని. ఒకరోజు నాయన విన్నాడు. ఫోను పెట్టేశాక పిలిచి అడిగాడు. "తినిందా?"

"లేదు నాయనా."

"మరి తినిందంటివే. రేపు అది చిక్కిపోయి కనిపిస్తే ఏం చెప్తావు? తినలేదంటే తినలేదని చెప్పు. నీళ్ళు తాగిందని కూడా చెప్పు. మొదటి రోజు తినకపోవడం మామూలేనని చెప్పు. అంతేగాని ఆడుకుంటాందంట... నీతోనా?"

ఆ రోజునుంచి నిజమే చెప్పాను. విచిత్రమేమంటే, తినలేదని చెబితేనే వాళ్ళు కాస్త స్థిమితపడేవాళ్ళు. తమను తలుచుకుంటోందని కాబోలు.

నాయన కచ్చితంగా ఉండే ఇంకో విషయం టీకాల కార్డు. రేబిస్‌దీ, పార్వో డిస్టెంపరు కలిసిన టీకాదీ తేదీలు చూడనిదే గేటు దాటనివ్వడు. ఒక రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒక కుటుంబం కారు దిగింది. ఇద్దరు పిల్లలు, ఒక ముసలామె, ఒళ్ళో రెండు నెలల లాబ్రడార్ కూన. కార్డు లేదు, టీకా వేయించలేదు. దర్శనం టికెట్టు ఉదయానికే. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకైతే చేర్చుకోవాలనే ఉండింది. నాయన ససేమిరా అన్నాడు. పార్వో పురుగు నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిలుకు చావదు, ఒక్క కూన తెస్తే చాలు మా షెడ్డులో ఉన్న కూనలన్నీ నెత్తురు విరేచనాలతో రాలిపోతాయి. పైగా టీకా పడని కూనను ఇన్ని కుక్కలు తిరిగే చోట పెడితే దానికే ముందు ముప్పు. ఇదంతా ఆ చీకట్లో వాళ్ళకు నిదానంగా చెప్పాడు. చెప్పి, నాతో నులకమంచం తెప్పించి గేటు బయట చింతచెట్టు కింద వేయించాడు. ఆ ఇంటి యజమాని కూనతో అక్కడే ఉన్నాడు. భార్యా పిల్లలూ ముసలామె కొండకు పోయివచ్చారు. మధ్యాహ్నం దాకా ఆయనకు కాఫీ, టిఫిను మా ఇంట్లోనుంచే. "నా దర్శనం మీ వల్ల పోయింది" అని వెళ్ళేటప్పుడు అన్నాడు, నవ్వుతూ అన్నాడో నిష్ఠూరంగా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

లడ్డూ గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మా హాస్టలు గురించి చెప్పినట్టే కాదు.

దర్శనం అయ్యాక వచ్చేవాళ్ళు కవరులోంచి లడ్డూ తీసి మాకు తలా కాస్త పెట్టి, ముందు తమ కుక్క నోట్లో ఇంత పెట్టబోయేవాళ్ళు. ఎంత సహజం! ఇంట్లో అందరికీ పెట్టి దానికి పెట్టకుండా ఎట్లా? తిరుపతి లడ్డూలో శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, యాలకులతో పాటు ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. అన్ని కుక్కలకూ ఒకేలా కాదు, ఒకదానికి నాలుగు తిన్నా ఏమీ కాదు, ఇంకోదానికి అవే ప్రాణం మీదికొస్తాయి. అందుకని మేము ఎగిరి చెయ్యి పట్టుకునేవాళ్ళం. ఎదుటివాళ్ళకు ఒళ్ళు మండేది. మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను పట్టుకుని, "స్వామి ప్రసాదంలో విషముందంటావా? నీ నోరు పడిపోను!" అని నిలబెట్టి అడిగింది. నేను నీళ్ళు నమిలాను. నాయన వచ్చాడు. ఏమీ వాదించలేదు. ఆవిడ చేతిలో లడ్డూ కళ్ళకద్దుకుని తీసుకుని, తిన్నె మీద కూర్చుని, ఒక మూల చిదిపి, ద్రాక్ష ఉందేమో వెలుతురులో పెట్టి చూసి, గోటి మీద పట్టేంత పొడి ఆమె చేతికిచ్చాడు. "ఇది పెట్టండమ్మా. స్వామికి కొసరెంతో లెక్కుంటుందా?" ఆవిడ శాంతించింది. కుక్క నాకేసింది.

అప్పటినుంచి అదే పద్ధతి అయింది. ఏరిన ద్రాక్షలు స్టీలు గిన్నెలో పడేవి. అవి ఎవరివంటారా? ప్రసాదం పారేయకూడదు కదా. మూడేళ్ళలో నేను తిన్నన్ని తిరుపతి లడ్డూ ద్రాక్షలు ఆ లడ్డూలు చేసే పోటులో పనిచేసేవాళ్ళు కూడా తినుండరు.

ఇంకో తమాషా. ద్రాక్షలో అసలు దోషం టార్టారిక్ ఆమ్లం కావచ్చునని, చింతపండు తిన్న కుక్కల్లోనూ అట్లాగే కిడ్నీలు దెబ్బతిన్నాయని 2022లో పశువైద్యులు ఒక పరిశోధనలో రాశారు. చదివి ఉలిక్కిపడ్డాను. ఆ రోజుల్లో లడ్డూను పోలీసుల్లా కాపలా కాసిన మేము, ఎవరైనా పులిహోర పెడితే చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళం.

2012 ఎండాకాలం కరెంటు కోతలు గుర్తున్నవాళ్ళకు ఈ సంగతి అర్థమవుతుంది. మే నెల, గంగమ్మ జాతర రోజులు. అప్పటికి పగ్ కుక్కల మోజు జోరుగా ఉండేది. 2003లో హచ్ ఫోను ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన కుక్క పుణ్యం అది. ఆ జాతికి ముక్కు చదును. కుక్క మనలాగా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పి చల్లబడాలి. ముక్కే లేనిది ఎంతని రొప్పుతుంది? అట్లాంటి పగ్ ఒకటి మా దగ్గరుంది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది, కూలరు ఆగింది. ఇన్వర్టరు అరగంట లాగి చేతులెత్తేసింది. నేను మిగతావాటికి నీళ్ళు పోసి వచ్చేసరికి ఆ పగ్ నాలుక నేరేడుపండు రంగుకు తిరిగి, పక్కకు ఒరిగి ఉంది. థర్మామీటరు పెడితే నూట ఆరు దాటింది. నూట రెండున్నర లోపు ఉండాలి దానికి.

నేను ఐసు కోసం పరిగెత్తబోయాను. నాయన అరిచాడు. "ఐసొద్దు, మామూలు నీళ్ళు తే!" పొట్టమీద, తొడల సందుల్లో, పాదాలమీద నీళ్ళు పోస్తూ విసనకర్రతో విసిరాం. తడి గోనె కప్పబోతే దాన్నీ లాగేశాడు, వేడి లోపలే నిలిచిపోతుందని. ఆటో కోసం రోడ్డుమీదికి పోతే ఒక్కటే దొరికింది. ఆ డ్రైవరు జాతర మొక్కు తీర్చుకుంటున్నాడు. ఎర్ర పట్టుచీర, జడ నిండా కనకాంబరాలు, చేతులనిండా గాజులు, కింద గుబురు మీసం. ఎక్కమన్నాడు. లీలామహల్ సర్కిల్లో జాతర జనం. జాతరలో అమ్మవారి పేరున బూతులు తిట్టడం మొక్కే కదా. ఆయన ఆ మొక్కును ట్రాఫిక్ మీద ధారాళంగా తీర్చుకుంటూ, కపిలతీర్థం రోడ్డు మీదుగా వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి దాకా తోలాడు. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ముందు కుక్కను చూడలేదు, చీరకట్టుకుని దాన్ని మోసుకొస్తున్న మీసాలాయన్నే చూశాడు.

సెలైను ఎక్కించారు. రాత్రంతా నేను అక్కడే. పగ్ ఓనరుకు ఎన్నిసార్లు ఫోను చేసినా స్విచ్చాఫ్. తెల్లారి పగ్ లేచి నా చెప్పు కొరికింది. హమ్మయ్య అనుకున్నా.

సాయంత్రం ఆయన వచ్చాడు, గుండుతో. మేము దాచలేదు, జరిగిందంతా చెప్పాం. తిట్టాడు. అన్యాయంగా ఏం తిట్టలేదు, కూలరుకు జనరేటరు లేకుండా పగ్‌ను ఎట్లా చేర్చుకున్నారన్నాడు. అది నిజమే. డబ్బులు ఇవ్వకుండా వెళ్ళిపోయాడు, నాయన అడగనూ లేదు. ఆ నెలలోనే అప్పు చేసి చిన్న జనరేటరు కొన్నాడు. మరుసటి ఏడు మే నెలలో అదే కారు, అదే పగ్. ఆయన మాట్లాడకుండా డిక్కీ తీసి, బ్యాటరీతో నడిచే ఫ్యాను ఒకటి దించి మా తిన్నెమీద పెట్టాడు.

చిరుత వచ్చిన రాత్రి కూడా ఒకటుంది. చూసింది ఎవరూ లేరు. గాలికి ఆకు కదిలినా గోల చేసే ముప్పై కుక్కలు, రెండింటప్పుడు ఒక్కసారిగా నోళ్ళు మూశాయి. ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువ వచ్చింది. తెల్లారి తోపు పక్క మెత్తటి మన్నులో అడుగులు. శేషాచలం అంచున ఉండేవాళ్ళకు ఇది కొత్తేం కాదు. మాకో కాపలా కుక్క ఉండేది, నల్లోడని, ఊరకుక్కే. వాడు ఆ రాత్రి నా మంచం కిందికి దూరి పొద్దెక్కేదాకా రాలేదు. పేరుకు కాపలా.

గుండు సంగతికి వస్తాను. కుక్క మనిషిని వాసనతోనే పోల్చుకుంటుంది, నిజమే. కానీ గేటు దగ్గర, గాలి అటునుంచి ఇటు రాకపోతే, దానికి ముందు అందేది ఆకారం. తల ఆకారం మారిపోయింది. దగ్గరికొస్తే చందనం, కర్పూరం, కొత్తబట్ట గంజి వాసన ఒంటి వాసనను కప్పేస్తున్నాయి. అందుకే మేము వచ్చినవాళ్ళకు పాఠంలా చెప్పేవాళ్ళం. ఎదురుగా పోవద్దు, పక్కకు తిరిగి నిలబడండి. వంగి మీద పడొద్దు. చెయ్యి వెనకభాగం చూపించి ఊరికే ఉండండి. తర్వాత ఇంట్లో మాట్లాడే మాట ఏదైనా మామూలు గొంతుతో అనండి. అంతే. మొరుగుడు మధ్యలో తెగేది. చెవులు వెనక్కి పోయేవి. ఒక్క క్షణం దానికే సిగ్గేసినట్టు తల దించి, తర్వాత ఇక చెప్పేదేముంది, గుండు మీద చందనమంతా నాకి పెట్టేది.

2014లో బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. అమ్మ మొక్కు ఉంటే పోయే ముందు నేనూ కొండెక్కి తలనీలాలిచ్చాను. దిగి నేరుగా హాస్టలుకు పోయాను, నాయనకు చెప్పి, నా సంచి తీసుకుందామని. చీకటి పడుతోంది. గేటు తీశానో లేదో నల్లోడు లేచాడు. మూడేళ్ళు నా మంచం కింద పడుకున్న నల్లోడు, నా చేతి సంగటి తిన్న నల్లోడు, పళ్ళన్నీ బయటపెట్టి గేటుమీదికి వచ్చాడు. పక్కకు తిరగాలని, చెయ్యి చూపించాలని, ఊరికే నిలబడాలని మూడేళ్ళు జనానికి చెప్పినవాణ్ణి, ఒక్కటీ గుర్తురాలేదు. "ఒరేయ్, నేనురా!" అని గట్టిగా అరిచాను.

ఆ గోలకు షెడ్డంతా అందుకుంది. లోపల లైటు వెలిగింది. నాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి వచ్చి, గేటు దగ్గరున్న గుండును పైనుంచి కిందిదాకా చూశాడు.

"దర్శనం బాగా అయిందా సార్? ఏ నెంబరు గది మీది?"